మంచు హాలు మేస్త్రి

పోయిన శుక్రవారం మధ్యాహ్నం బహ్రెయిన్‌లోని ఉమ్మ్ అల్ హస్సామ్‌లో మా గది కింద ఉన్న కోల్డ్ స్టోర్ అనే కిరాణా కొట్లో పెరుగు కొంటుంటే గంగారాం వచ్చాడు. సెలవు రోజైనా డ్యూటీ బట్టల్లోనే ఉన్నాడు. నన్ను చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"అక్కా, మేస్త్రి పోయిండు" అన్నాడు.

మేస్త్రి గారు ఊరికి వెళ్లి మూడేళ్లు కావస్తోంది. ఆ మాట నాకు వెంటనే ఎక్కలేదు. "ఎక్కడికి?" అని అడిగాను. అడిగాక గంగారాం మొహం చూశాను. పెరుగు డబ్బా కౌంటరు మీద పెట్టేసి బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాను.

జగిత్యాల దగ్గర వాళ్ల పల్లెలో, పొద్దున్నే పొలానికి వెళ్లివచ్చి మంచం మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయారట. అరవై కూడా నిండలేదు. కబురు పనివాళ్లు ఉండే క్యాంపుకి ఫోనులో వచ్చిందట. గంగారాం ఆ ఫోను పెట్టేసి తిన్నగా నా దగ్గరికే వచ్చాడు. ఈ ఊళ్లో ఆయన కోసం ఏడవాల్సిన వాళ్లం మేమిద్దరమే మరి. గంగారాం ఈ రోజు ఊపిరి తీసుకుంటున్నాడంటే అది ఆయన చలవ. నాకు ఆయన చేసిన మేలు ఏమిటో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

మాది రాజోలు దగ్గర. మొదట బహ్రెయిన్‌కి ఇంటిపనికి వచ్చాను. నాలుగేళ్లు ఒకే ఇంట్లో పిల్లల్ని సాకాను. వాళ్లతో మాట్లాడీ మాట్లాడీ అరబ్బీ పట్టుబడింది. ఇంటర్ దాకా చదివాను కాబట్టి ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలను. ఆ ఇంటాయన చుట్టం ఒకరికి మంచు హాలు ఉండేది. పిల్లలు పెద్దవాళ్లయ్యాక వేరే చోట పని చేసుకోవచ్చని నాకు రిలీజు కాగితం ఇప్పించి అక్కడ బూట్ల కౌంటరులో పెట్టారు.

మంచు హాలు చూడనివాళ్లకి ఒక మాట. బయట నిలబడితే చెప్పుల్లోంచి అరికాలు కాలే ఎండ. తలుపు తోసుకుని లోపలికి వెళ్తే నేలంతా గడ్డకట్టిన నీళ్లు. అడుగున ఉక్కు పలక బిగించిన బూట్లు తొడుక్కుని పిల్లలు దాని మీద జారుతూ ఆడతారు. ఆ నేలను గడ్డకట్టించే యంత్రాలు కింద నేలమాళిగలో ఉంటాయి. వాటిని చూసుకునేది మేస్త్రి గారు.

నేను చేరిన రోజు పలచటి నూలు బట్టల్లో వెళ్లాను. గంట గడిచేసరికి పళ్లు టకటకా కొట్టుకున్నాయి. నేలమాళిగ మెట్లెక్కి ఒకాయన వచ్చి, ఒంటి మీదున్న స్వెట్టరు విప్పి కౌంటరు మీద పెట్టారు.

"బయట ఎండ జూసి వచ్చినవా చెల్లె? ఈడ కొలువంటె పన్నెండు నెలలు సలికాలమే. ఏస్కో."

"మరి మీకండీ?"

"నాకు కింద మిషన్ల వేడి ఉంటది."

ఆ స్వెట్టరు నిండా మిషను నూనె వాసన. దాన్ని రెండేళ్లు వేసుకున్నాను.

ఆయనకి కొన్ని అలవాట్లు ఉండేవి. పాలు పోయని సులేమానీ టీలో నిమ్మకాయ పిండుకుని, ఆ చెక్కని కూడా నమిలేవారు. ఎండాకాలం మొదలవక ముందే బకెట్టూ బ్రష్షూ పట్టుకుని హాలు పైకప్పు ఎక్కి తనే సున్నం కొట్టేవారు. మేనేజరు నవ్వితే, "తెల్లగుంటె ఎండ ఎనుకకు మళ్లుతది సార్. మిషన్‌కు జర దమ్ము దొరుకుతది" అనేవారు. సున్నం కొట్టిన ఏడాది యంత్రాలు తక్కువసేపు తిరిగేవని నాకు కూడా తెలిసేది. మధ్యాహ్నాలు కింద నుంచి వచ్చే రొద మధ్యమధ్యలో ఆగేది.

ఇంకో అలవాటు దీపం. చేతిలో ఇమిడేంత దీపం, చిన్న నీలం మంట. వారానికోసారి దాన్ని వెలిగించి పైపుల అతుకుల దగ్గరగా తిప్పేవారు. యంత్రాల్లో ఉండే గ్యాసు ఎక్కడైనా కారుతుంటే ఆ మంట ఆకుపచ్చగా మారుతుంది. "దీనికి రంగు లేదు, వాసన లేదు. కనవడకుంటె లేనట్టేనా?" అనేవారు. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో.

ఒకసారి నేను చీపురు కోసం నేలమాళిగ మెట్లు దిగబోతుంటే ఆపి, మెట్ల మీదే కూర్చోబెట్టి చెప్పారు. "ఈ గ్యాసు గాలి కంటె బరువు. నేల మీద నీళ్లలెక్క పరుచుకుంటది. కింద ఎవరన్న వడి కనవడితె నువ్వు దిగద్దు. ముందు ఫ్యాన్ ఎయ్యి, షట్టర్ తెరువు, మందిని పిలువు. ఉరికి దిగినవంటె నువ్వు గూడ ఆడనే పడతవ్." మీనా సల్మాన్ రేవులో చేపల కోల్డ్ స్టోరేజీలో పనిచేసే రోజుల్లో ఒకడు పడిపోతే వాణ్ణి తేవడానికి ఇంకొకడు, వాళ్లిద్దరి కోసం మూడోవాడు దిగారట. పైనుంచి తాడు లాగినవాళ్లలో ఈయన ఒకరు. ముగ్గురిలో ఎవరూ బతికి రాలేదు. ఆ సంగతి నాకు ఒక్కసారే చెప్పారు.

మా వీసాలకి పూచీ ఉండే కఫీల్, అంటే ఆ హాలు యజమాని, ఒక శీతాకాలం కుటుంబంతో యూరప్ కొండలకు వెళ్లి వచ్చాడు. అక్కడ జనం పొడుగాటి పలకలు కాళ్లకు కట్టుకుని మంచు వాలు మీద జారే స్కీ ఆట చూసి వచ్చాక ఆయనకి వేరే ధ్యాస లేకుండా పోయింది. హాలు పక్కనున్న షెడ్డులో వాలు కట్టించి, దాని మీద నిజం మంచు కురిపించాలన్నాడు. అక్కడి ఒక స్కీ కేంద్రం నుంచి, కొత్తవేనన్న మాట మీద, యంత్రాలు కొన్నారు. అవి రెండు కంటైనర్లలో మీనా సల్మాన్‌కి వచ్చాయి. మేస్త్రి గారూ, ఆయన కింద ఫిట్టరుగా ఉండే గంగారామూ వెళ్లి తెచ్చుకున్నారు.

యంత్రాల కాగితాలతో పాటు నున్నటి పుస్తకం ఒకటి వచ్చింది. అట్ట మీద తెల్లటి కొండ, నీలం ఆకాశం, నవ్వుతున్న పిల్లలు. మేస్త్రి గారు దాన్ని నా కౌంటరు దగ్గరికి తెచ్చారు.

"గిండ్ల ఏం రాసిన్రో సదువు చెల్లె."

నెమ్మదిగా చదివి తెలుగులో చెప్పాను. మా కొండల మీద ఏటికేడు మంచు తగ్గిపోతోంది. భూమి వేడెక్కుతోంది. మంచే మాకు జీవనాధారం. అందుకని ఆకాశానికీ భూమికీ చేటు చేసే పాత గ్యాసు యంత్రాలన్నిటినీ మా కేంద్రం నుంచి తీసేశాం. ఇక నుంచి నదుల మీద తీసే కరెంటునే వాడతాం. ప్రభుత్వాలు కూడా ఇలాంటి కరెంటుకే అండగా నిలవాలని కోరుతున్నాం. అదీ దాని సారాంశం.

ఆయన నన్ను షెడ్డులోకి తీసుకెళ్లారు. కొత్తగా రంగు వేసిన యంత్రం పక్కన వంగి, పేరు చెక్కిన రేకు మీది రంగును స్క్రూడ్రైవరుతో గీకారు. కింద నుంచి అక్షరాలు బయటపడ్డాయి. పుస్తకం అట్ట మీదున్న పేరే.

"తీసేసినమని రాసిన్రు. తీసి ఏడ వెట్టిన్రో రాసిన్రా?"

పేజీలన్నీ తిప్పాను. "లేదండి."

ఆయన పక్కనున్న డబ్బా మీద కూర్చున్నారు. "ఆళ్లకు మంచు తప్పితె పుస్తకం అచ్చేసిన్రు. మా దిక్కు వాన తప్పితె మేం దుబాయి వచ్చినం" అన్నారు. ఆయనకి గల్ఫ్ మొత్తం దుబాయే. నాకు నవ్వొచ్చింది గానీ ఆయన నవ్వలేదు. మళ్లీ ఆయనే అన్నారు. "ఆళ్లు రాసింది అబద్ధం గాదు చెల్లె. మెకానిక్కులను పిలిచి ఒకరోజు పాఠం చెప్పిన్రు, అప్పుడు విన్న. ఈ గ్యాసు పైకి పోతె ఆడ ఓజోను కప్పుకు చిల్లు వడుతది, భూమి గూడ కాగుతది. గది నిజమే. గని ఆళ్లకొక నిజం, మనకొక నిజం ఉండది గద."

యంత్రాలను కొన్ని షెడ్డులో, గ్యాసు నిండిన పెద్దవాటిని నేలమాళిగలో బిగించాక ఆయన దీపం పట్టుకుని అతుకులన్నీ చూశారు. నేనూ చూశాను. మంట ఒకచోట ఆకుపచ్చగా మారింది. పక్క అతుకు దగ్గరా మారింది. ఆ పక్కనా అంతే. దూరాభారం ప్రయాణంలో పాత అతుకులన్నీ కదిలిపోయాయి.

ప్రారంభోత్సవం పది రోజుల్లో ఉంది. పెద్దవాళ్లని పిలిచేశారు. ఆ సాయంత్రం హాజరు పుస్తకం ఇవ్వడానికి నేను మేనేజరు గదిలోకి వెళ్లేసరికి ఆయనా మేస్త్రి గారూ ఎదురెదురుగా ఉన్నారు. మాట్లాడింది హిందీలోనే గానీ, మేస్త్రి గారి మాటలు నాకు ఆయన యాసలోనే గుర్తున్నాయి.

"లోపలున్న గ్యాసంతా బయటికి వదిలేసి, అతుకులు వేసి, కొత్తది నింపు. వదలడానికి ఎంతసేపు?"

"వదలనీకి అరగంట సార్. పట్టి సిలిండర్లల్ల నింపి, అతుకులన్ని మల్ల ఏసి, పరీక్ష జెయ్యనీకి మూడు వారాలు."

"అయితే ఆ అరగంట పని చెయ్యి."

"నేను చెయ్య సార్."

మేనేజరు పెన్ను కింద పెట్టాడు. "వదలకూడదని ఈ దేశంలో నీకెవరైనా చెప్పారా? రేపు పోలీసు వస్తాడా?"

"రాడు సార్."

"నీ వీసా కాగితం ఈ సొరుగులో ఉంది. అది గుర్తుందా?"

"ఉండనియ్యిండ్రి సార్. వాల్వు కింద ఉంది. దాని మీద మాత్రం నా చెయ్యి వడది."

ఆయన గొంతు పెంచలేదు. నేను హాజరు పుస్తకం బల్ల అంచున పెట్టి బయటికి వచ్చేశాను.

మర్నాటికి క్యాంపంతా ఆయనకి ఎడంగా ఉండడం మొదలుపెట్టింది. మంచు వాలు తెరుచుకుంటే అందరికీ ఓవర్‌టైం. ఆగిపోతే ఎవరి పని ఉంటుందో ఎవరిది పోతుందో తెలియదు. అందరికంటే ఎక్కువ మండిపడింది గంగారామే. అప్పటికి ఊళ్లో వాడి ఇల్లు గోడల దాకా లేచి ఆగిపోయి ఉంది. "గాలిలకు పొయ్యేదే గద మేస్త్రి! నీదేం పొయ్యింది?" అని నా ముందే అరిచాడు.

"ఎవని గాలిలకుర?" అన్నారాయన. గంగారాం వెళ్లిపోయాడు. ఆ రాత్రి నుంచి మేస్త్రి గారు ఒక్కరే కూర్చుని తిన్నారని విన్నాను. నేను కూడా ఆ మూడు నాలుగు రోజులు ఆయన్ని పలకరించలేదు. మేనేజరు అద్దాల గది నా కౌంటరుకి ఎదురుగానే ఉండేది.

నాలుగో రోజు మధ్యాహ్నం భోజనాల తరువాత మేనేజరు వచ్చి, అద్లియాలో ఒక హోటల్లో కోల్డ్ రూము చెడిపోయిందనీ, వెంటనే వెళ్లి చూడమనీ మేస్త్రి గారితో చెప్పాడు. ఆయన ఒక్క క్షణం నేలమాళిగ తలుపు వైపు చూశారు. తరువాత సామాను సంచీ తీసుకుని టాక్సీ ఎక్కారు.

పావుగంట కాలేదు. గంగారాం భుజాన రబ్బరు గొట్టం వేసుకుని నా ముందు నుంచి వెళ్లాడు. వెనకాలే మేనేజరు. గంగారాం నా వైపు చూడలేదు. ఏం జరగబోతోందో నాకు అర్థమైంది. అప్పుడే నోరు తెరిచి ఉండాల్సింది. మేస్త్రి గారి దగ్గరికి ఎవరినైనా పంపి ఉండాల్సింది. నేను తలవంచుకుని బూట్లు తుడిచాను. ఒక జత అయ్యాక ఇంకో జత.

మేనేజరు పైకి వచ్చి తన గదిలోకి పోయాడు. కింద నుంచి బుస్సుమని శబ్దం మొదలైంది. అది ఎంతకీ ఆగలేదు. మామూలుగా గంగారాం పని చేసేటప్పుడు ఏదో ఒకటి పాడుకుంటూ ఉంటాడు. పాట లేదు. నేను లేచి మెట్ల దగ్గరికి వెళ్లాను.

నేలమాళిగ నుంచి బయటికి తెరుచుకునే షట్టరు సందులోంచి పెట్టిన గొట్టం జారి లోపలే పడి ఉంది. దాని మూతి చుట్టూ తెల్లటి మంచు నూగు పట్టింది. అడుగు మెట్టు దగ్గర గంగారాం బోర్లా పడి ఉన్నాడు.

"గంగారాం!" అని రెండు మెట్లు దిగాను. మూడోది దిగబోతుంటే మేస్త్రి గారి మాట గుర్తొచ్చి కాలు ఆగిపోయింది. అక్కడి నుంచి చూస్తే వాడి చొక్కా వెనక చిరుగు కూడా కనిపిస్తోంది. చేయి చాపితే అందేంత దగ్గర అనిపించింది. వెనక్కి ఎక్కడం కన్నా దిగిపోవడమే తేలికగా ఉండేది ఆ క్షణంలో. ఎలాగో పైకి వచ్చాను. ఫ్యాను స్విచ్చి వేశాను. తిరగలేదు. కొత్త యంత్రం కోసం ఆ తీగలు విప్పేసి ఉంచారు. కేకలు పెడుతూ వెళ్లి మెట్ల పైన పక్కగా వేలాడే షట్టరు గొలుసు పట్టుకుని లాగాను. నేల తుడిచే బంగ్లాదేశ్ అన్నదమ్ములిద్దరూ పరుగెత్తుకొచ్చి నాతో పాటు లాగారు. షట్టరు మోకాలెత్తు లేచి ఇరుక్కుపోయింది.

అప్పుడే బయటి తలుపు దడాలున తెరుచుకుని మేస్త్రి గారు వచ్చారు. అద్లియా హోటలువాళ్లు, మా కోల్డ్ రూము బాగానే ఉంది, నిన్నెవరు పిలిచారని అడిగారట. అదే టాక్సీలో తిరిగి వచ్చేశారు.

"ఎంతసేపాయె?"

"తెలీదండి. నేను చూసి రెండు మూడు నిమిషాలండి. దిగలేదండి నేను, దిగలేదు..."

"మంచిగ జేసినవ్." నడుముకి తాడు కట్టుకున్నారు. రెండో కొస ఆ అన్నదమ్ముల చేతిలో పెట్టారు. "నేను గుంజితె లాగుండ్రి. గుంజకున్నా చెల్లె వంద లెక్కవెట్టినంక లాగుండ్రి." రెండుసార్లు గట్టిగా గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి దిగిపోయారు.

నేను పైకి లెక్కపెట్టాను. ముప్పై దాకా తాడు కదులుతూనే ఉంది. నలభై దగ్గర వదులైంది. యాభై. అరవై. ఆ అన్నదమ్ముల్లో చిన్నవాడు లాగబోతే వద్దని సైగ చేశాను. చేశానే గానీ అది సరైనదో కాదో నాకు తెలియదు. డెబ్బై రెండు దగ్గర తాడు బిగిసింది. ముగ్గురం కలిసి లాగాం. ముందు గంగారాం తల కనిపించింది. వాడి చంకల కింద చేతులు వేసి వెనక నుంచి తోస్తూ మేస్త్రి గారు వచ్చారు.

గంగారాం పెదవులు నల్లబడ్డాయి. ఆయన తన ఊపిరే ఇంకా అందక రొప్పుతూ, వాడి నోట్లోకి ఊదారు. ఆగి మళ్లీ ఊదారు. ఎంతసేపటికో గంగారాం దగ్గాడు. కక్కాడు.

ఆయన లేచి మళ్లీ మెట్ల వైపు నడిచారు. "వద్దండి, ఇంక వద్దు, వచ్చాడుగా" అని చొక్కా పట్టుకున్నాను. "వాల్వు తెరిచే ఉంది చెల్లె" అని నా చెయ్యి విడిపించుకుని దిగారు. శబ్దం ఆగింది. పైకి వచ్చి గోడకి చేరగిలబడ్డారు.

గంగారాంని ఆసుపత్రికి తీసుకెళ్లారు. బతుకుతాడని చెప్పారు. ఆ సాయంత్రమే మేనేజరు నన్ను గదిలోకి పిలిచి ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం ముందు పెట్టాడు. ఫిట్టరు ఎవరినీ అడగకుండా తనంతట తానే వాల్వు విప్పాడు. మేస్త్రి డ్యూటీ వదిలేసి బయట తిరుగుతున్నాడు. నేను కళ్లారా చూశాను. అదీ ఆ కాగితం. మొత్తం చదివాను. సంతకం పెట్టకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. పెట్టేశాను.

మర్నాడు పొద్దున మేస్త్రి గారు కౌంటరు దగ్గరికి వచ్చారు.

"సంతకం వెట్టినవట."

"పెట్టానండి."

"సదివినవా?"

"చదివానండి."

తిడతారనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన కౌంటరు మీద చేయి ఆనించి నిలబడ్డారు. "భయమైందా?"

"అయిందండి."

"నాకు గూడ అయితది. నిన్న తాడు కట్టుకుంటుంటె కాళ్లు ఒణికినయ్. గట్లనే దిగిన." అంతే అని వెళ్లిపోయారు. ఆ కాగితం మార్చమని గానీ, తన తరఫున మాట్లాడమని గానీ నన్ను అడగలేదు.

మధ్యాహ్నం కఫీల్ వచ్చాడు. మమ్మల్ని పిలిపించాడు. మేనేజరు ముందుగా చెప్పాల్సింది చెప్పేసి ఉన్నాడు. కాగితం బల్ల మీద ఉంది. మేస్త్రి గారు చెప్పేది మేనేజరే అరబ్బీలో వినిపించబోతే కఫీల్ చేయి అడ్డం పెట్టి, "నువ్వు ఉండు. ఈమెకి మన భాష వచ్చు కదా, ఈమె చెబుతుంది" అన్నాడు.

మేస్త్రి గారు నా వైపు చూడడం లేదు, నేల చూస్తున్నారు.

"ముందు నా మాట ఒకటి చెప్పాలి" అన్నాను అరబ్బీలో. "ఆ సంతకం నాదే. అందులో రాసింది నిజం కాదు."

ఆ తరువాత ఆగకుండా చెప్పాను. గొట్టం భుజాన వేసుకుని గంగారాం వెళ్లింది, వెనక మేనేజరు వెళ్లింది, అద్లియా కబురు, తిరగని ఫ్యాను, డెబ్బై రెండు అంకెలు. మేనేజరు మధ్యలో రెండుసార్లు లేచాడు. కఫీల్ రెండుసార్లూ కూర్చోమన్నాడు.

"గాల్లోకి పోయే గ్యాసు కోసం ఇంత గొడవ ఎందుకని అడుగు" అన్నాడు నాతో కఫీల్. మేస్త్రి గారు ఆ నున్నటి పుస్తకం ఆయన చేతికిచ్చి, తనతో రమ్మన్నారు. అందరం షెడ్డుకి వెళ్లాం. కఫీల్ వంగి రేకు మీది పేరు చదివాడు. పుస్తకం అట్ట చూశాడు. లోపల పేజీలు ఒక్కొక్కటీ తిప్పి చదివాడు. ఆయన మెడ ఎర్రబడింది.

"వాళ్ల కొండకు పనికిరాదని తీసేసినది నాకు అమ్మారా?"

ఇక్కడ నిజం చెప్పాలి. కఫీల్‌కి వచ్చిన కోపం గంగారాం కోసం కాదు, ఆకాశం కోసం అంతకన్నా కాదు. తనని తక్కువ చేశారన్న కోపం అది. ఏదైతేనేం, ఆ రోజు అది మాకు పనికొచ్చింది. "ఎన్నాళ్లు కావాలట?" అన్నాడు. మూడు వారాలని చెప్పాను. "ఖలాస్. మూడు వారాలు" అని, నా సంతకం ఉన్న కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ప్రారంభోత్సవం వాయిదా పడింది. ఆ కాగితం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మేస్త్రి గారు మిగిలిన గ్యాసునంతా పట్టి సిలిండర్లలో నింపారు. "పొయ్యింది పొయ్యింది. ఉన్నదాన్ని లోపట వెట్టి తాళమేద్దాం" అనేవారు. ఆసుపత్రి నుంచి వచ్చిన గంగారాం రెండో రోజే పనిలో దిగాడు. ఇద్దరి మధ్యా క్షమాపణల్లాంటివి ఏమీ నడవలేదు. ఒకరు దీపం పట్టుకుంటే ఇంకొకరు అతుకు వేశారు. ప్రతి అతుకు దగ్గరా మంట నీలంగా నిలబడే దాకా వదిలిపెట్టలేదు.

మేనేజరుకి ఏమీ కాలేదు. అయింది మేస్త్రి గారికే. ఏడాది చివర కాంట్రాక్టు అయిపోయాక పొడిగించలేదు. ఆయనకి ముందే తెలుసు. వెళ్లేముందు గంగారాంతో, "ఈ మిషన్‌ను ఇప్పేటి రోజు వస్తది. ఆనాడు ఎవలు తొందరవెట్టినా నువ్వు తొందరపడకు" అన్నారు. నాకు చెప్పింది ఇంకా చిన్నది: "సదువు వచ్చినదానివి. పక్కోనికి గూడ సదివి పెట్టు."

ఆయన అన్న రోజు ఏడాదిన్నరకే వచ్చింది. ఇక్కడి ఎండలో ఆ వాలు మీద మంచు నిలపడానికి యంత్రాలు ఆగకుండా తిరగాల్సి వచ్చేది. రెండు వేసవులు లాగి మూసేశారు. విప్పే పని గంగారాం మీద పడింది. అప్పటికి వచ్చిన కొత్త మేనేజరు కూడా అరగంట పనే కదా అన్నాడట. గంగారాం తన వారాలు తను తీసుకున్నాడు. గ్యాసు ఒక్క పిసరు బయటికి పోలేదని నాతో చెప్పేటప్పుడు వాడి మొహంలో ఉన్న గర్వం నేనెప్పుడూ మర్చిపోను.

నా గదికి ఇప్పుడు శుక్రవారాలు జనం వస్తారు. సంతకాలు పెట్టమని ఇచ్చిన కాగితాలు తెచ్చుకుంటారు. చదివి, ఏముందో తెలుగులో చెబుతాను. పెట్టాలో వద్దో మాత్రం చెప్పను. భయమైందా అని అడుగుతాను. అవునంటే, నాకూ ఒకసారి అయిందని చెబుతాను.

పోయిన శుక్రవారం కబురు చెప్పాక గంగారాం అరుగు మీద నా పక్కనే కూర్చున్నాడు. కడకి అడిగాడు. "ఆ దినం కాడి నుంచి మేస్త్రి మెట్లు ఎక్కితె నడుమల ఆగేటోడు అక్కా. నన్ను మొయ్యవట్టే గిట్లయిందా?"

నేను కూడా అది చూశాను. నాలుగు మెట్లకోసారి ఆగి, ఏదో గుర్తొచ్చినవాడిలా నిలబడేవారు. దానికీ ఈ చావుకీ సంబంధం ఉందో లేదో ఏ డాక్టరూ మాకు చెప్పలేదు. "తెలీదు గంగారాం" అన్నాను. కాదని చెప్పి ఉంటే వాడికి కాస్త నిద్ర పట్టేదేమో. ఆయన గురించి అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

అప్పటి రోజొకటి ఇంకా చెప్పాలి. కఫీల్ ఇచ్చిన ఆ మూడు వారాలు గడిచాక, ప్రారంభానికి ముందు రోజు, యంత్రాన్ని ఒకసారి నడిపి చూశారు. పెద్దవాళ్లెవరూ లేరు. తుడిచేవాళ్లం, మోసేవాళ్లం, కాపలావాళ్లం వాలు అడుగున కడ్డీ పట్టుకుని నిలబడ్డాం. మేస్త్రి గారు వాలు పైన, గొట్టాల కింద ఉన్నారు. ముందు తుంపర వచ్చింది. అది గాల్లోనే తెల్లబడి దిగడం మొదలుపెట్టింది. ఆయన భుజాల మీద, మీసాల మీద, చెవుల మీద వాలింది. ఇన్నేళ్లు చలిని తయారు చేసిన మనిషి మంచు కురవడం చూడ్డం అదే మొదటిసారి. ఆయన కదలకుండా నిలబడి తల పక్కకి వంచారు. తరువాత మా వైపు చూసి గట్టిగా అన్నారు.

"మా దిక్కు రాళ్లవానే ఎరుక చెల్లె! రేకుల మీద వడితె చెవులు వగులుతయి. గిది సప్పుడే చెయ్యది!"

గంగారాం యంత్రం ఆపాడు. ఆపినా, గాల్లో మిగిలిపోయిన మంచు ఇంకా నెమ్మదిగా దిగుతూనే ఉంది. పైన ఆయన మొహం ఎత్తి నిలబడి ఉన్నారు.